ఇండిపెండెంట్ ప్రేమకథకి ‘అందరూ ఉన్నారా’ అని మార్కులు వెయ్యడం ఎట్టా? — స్పాయిలర్లు ఉంటాయి, చూసి దిగండి

పెన్నా ఒడ్డు:
అందరికీ నమస్కారం. నెల్లూరులో మేం ఏడెనిమిది మందిమి నెలకోసారి ఎవరిదో ఒకరి మేడ మీద తెర కట్టుకుని సినిమా చూస్తాం, చూశాక కొట్లాడుకుంటాం. పోయిన ఆదివారం ‘కేరాఫ్ కంచరపాలెం’ వేశాం. 2018లో వచ్చిందే, చాలామంది చూసుంటారు. చూడనివాళ్ళు ఇక్కడే ఆగిపోండి, చివరి మలుపు చెప్పకుండా నా గొడవ చెప్పలేను.

ఈసారి మావాడొకడు ఎక్కడో వర్క్‌షాపుకి వెళ్ళొచ్చి ఒక కాగితం తయారుచేసి పట్టుకొచ్చాడు. సినిమాలో మతాలెన్ని, కులాలెన్ని, ఆడవాళ్ళెంతమంది, నలభై దాటినవాళ్ళెంతమంది, యాస ఏది, తెర వెనక ఎవరు... ఇట్టా పది గళ్ళు, గడికి పది మార్కులు. సినిమా చూస్తూ నింపుకుంటూ పోయాం. సుందరం, సునీత స్కూలు పిల్లలు. జోసెఫ్ క్రిస్టియన్, భార్గవి బ్రాహ్మలమ్మాయి. గడ్డం బ్రాందీ షాపులో చేస్తాడు, సలీమా ముస్లిం, ఒళ్ళమ్ముకుని బతికే మనిషి. రాజు 49 ఏళ్ళొచ్చినా పెళ్ళికాని అటెండరు, రాధ అదే ఆఫీసుకి వచ్చిన 42 ఏళ్ళ ఒడియా ఆఫీసరు, భర్త పోయాడు, ఎదిగిన కూతురుంది. గళ్ళన్నీ టకటకా నిండిపోయాయి. మావాడి మొహం వెలిగిపోయింది, 90 దాటుతుందన్నాడు.

ఇక చివర్లో తెలుస్తుంది కదా, సుందరం, జోసెఫ్, గడ్డం, రాజు నలుగురూ ఒక్క మనిషేనని. అక్కడ చిరిగింది మా కాగితం. జోసెఫ్ పేరు మీద క్రిస్టియన్ గడిలో వేసిన మార్కులు ఉంచాలా, కొట్టెయ్యాలా? మగాళ్ళు నలుగురూ కలిసి ఒక్కడైపోయారు, ఆడవాళ్ళు మాత్రం నలుగురూ నలుగురే. రాత్రి ఒంటిగంట దాకా అరుచుకున్నాం, కింది ఇంటాయన లైటు వేసుకుని బయటికొచ్చేదాకా. మీరైతే ఎట్టా లెక్కేస్తారు?

గూడూరు నిమ్మకాయ:
సినిమాకి హాజరు పట్టీ ఎందుకన్నా. బాగుందా లేదా అంతే కదా.

అయినా మా జిల్లా ఆయనే, సింగీతం శ్రీనివాసరావు గారు, 1987లో ‘పుష్పక విమానం’ తీశారు, మొత్తం సినిమాలో ఒక్క డైలాగు లేదు. మీ కాగితంలో యాస గడికి దానికి సున్నా వేస్తారా? ఏదో తేల్చి చెప్పండి.

పెన్నా ఒడ్డు:
నిమ్మకాయన్నా, ఆ ప్రశ్న మావాడికి పంపించా. ఇంకా జవాబు రాలేదు 😄

కందుకూరు కోడలు:
నేను మాట్లాడాల్సిందే. మా పుట్టిల్లు విశాఖ, కంచరపాలెం మాకు ఆటోలో పది నిమిషాలు. పెళ్ళయి ఇటొచ్చి పదకొండేళ్ళు.

యాస గడికి పదికి పది కాదు, ఇరవై వెయ్యాలి. ఎందుకో చెప్తాను. మా ఉత్తరాంధ్ర మాట సినిమాల్లో ఎప్పుడూ వినపడుతూనే ఉంది, లేకపోవడం కాదు సమస్య. పనిమనిషి మాట్లాడుతుంది, హీరో పక్కనుండేవాడు మాట్లాడతాడు, దెబ్బలు తినే దొంగ మాట్లాడతాడు. ‘ఏటి’ అనగానే హాల్లో నవ్వు. నేను కందుకూరు వచ్చిన కొత్తలో మా తోటికోడళ్ళు నాచేత ఊరికే ఏదో ఒకటి మాట్లాడించి నవ్వేవాళ్ళు, వాళ్ళకది చెడ్డ ఉద్దేశం కాదు, సినిమాల నుంచి నేర్చుకున్న అలవాటు. ఈ సినిమాలో ఆ మాటతోనే ప్రేమించారు, ఆ మాటతోనే ఏడ్చారు, హాల్లో ఎవరూ నవ్వలేదు. నవ్వాల్సిన చోట నవ్వారు, అది జోకుకి, యాసకి కాదు. ఈ తేడా మీ గడిలో ఎక్కడ పెడతారు?

ఇంకోటి, వేసినవాళ్ళలో ఎక్కువమంది ఆ పేటవాళ్ళే, అంతకుముందు కెమెరా మొహం చూడనివాళ్ళు. రాజు వేసిన సుబ్బారావు గారిని చూస్తే మా నాన్న ఆఫీసులో ఉండే బాబాయి గుర్తొస్తాడు, నటుడు గుర్తుకు రాడు.

ఒంగోలు బస్టాండు:
కోడలు గారు చెప్పింది కరెక్టు. మన నెల్లూరు, ప్రకాశం మాటకీ అదే గతి. ‘ఏందబ్బా’ అన్నాడంటే వాడు చివరికి హీరోయిన్‌ని పెళ్ళి చేసుకోడని ఇంటర్వెల్ లోపే తెలిసిపోతుంది.

స్వర్ణాల చెరువు గట్టు:
అందరూ యాస దగ్గర చేరి పండగ చేసుకుంటున్నారు కాబట్టి కాస్త పుల్ల విరుస్తాను. నేను నెల్లూరు ముస్లిం అమ్మాయిని, టీచర్ ట్రైనింగ్ చేస్తున్నాను, ఈ సినిమా నాకిష్టం, రెండుసార్లు చూశాను, రెండుసార్లూ సలీమా దగ్గర ఏడ్చాను. అది ముందే చెప్తున్నా, లేకపోతే నిమ్మకాయన్న వచ్చి ‘మీకు సినిమా అర్థం కాలేదు’ అంటాడు.

నలుగురు అమ్మాయిల్లో ముస్లిం ఒకతే ఉంది, ఆ ఒక్కతే ఒళ్ళమ్ముకునే మనిషి. మొహం కప్పుకుని కళ్ళు మాత్రం కనిపిస్తుంటే అతను ఆ కళ్ళని ప్రేమిస్తాడు, చాలా అందంగా తీశారు. కానీ ముసుగు వెనక ఏముందోనన్న ఆత్రం ఉంది చూశారా, అది బస్సులో మా పక్కన కూర్చున్నవాళ్ళకీ ఉంటుంది, మాకు తెలుస్తుంటుంది. చివరికి ఆమెని కథలో బతకనివ్వలేదు. మిగతా ముగ్గురూ ఎక్కడో ఒకచోట బతికే ఉంటారు అనుకోవచ్చు. సలీమా గురించి అనుకోవడానికి కూడా ఏం లేదు.

తప్పు తీశారని అనడం లేదు. అలాంటి మనుషులు లేరనీ అనడం లేదు. ముస్లిం గడిలో టిక్కు పెట్టి పది వేసిన మీవాడిని ఒకటే అడగండి: ఆమెకి ఆ కథలో ఏం కావాలి? ప్రేమ కాకుండా, అతను కాకుండా, ఆమెకంటూ ఏదైనా కావాలని మీకు గుర్తుందా?

పెన్నా ఒడ్డు:
అక్కా, నిజం చెప్పాలంటే గుర్తు రావడం లేదు. మళ్ళీ చూడాలి.

గూడూరు నిమ్మకాయ:
అబ్బే, ‘అర్థం కాలేదు’ అననమ్మా. కానీ ఒక మాట. అది రాజు కథ. ఒక మనిషి జీవితంలోకి నలుగురు వచ్చి పోయారు, అతను చూసినంత వరకే మనకి కనపడతారు. అట్టా తీయడం దర్శకుడి ఇష్టం. ప్రతి పాత్రకీ సొంత కల, సొంత ఆశ పెట్టుకుంటూ పోతే అది సినిమా కాదు సీరియల్. పైగా చిన్న డబ్బుతో తీసినవాళ్ళ మెడ మీద కూర్చుని లెక్కలడుగుతారు, వంద కోట్ల సినిమాల్లో హీరోయిన్‌కి పేరు కూడా సరిగ్గా ఉండదు, వాళ్ళని ఎవరూ అడగరు.

కందుకూరు కోడలు:
వాళ్ళని అడిగి లాభం లేదని తెలిసే అడగం అన్నయ్యా. వినేవాళ్ళనే కదా అడుగుతాం.

ఇంకొకటి మర్చిపోతున్నారు, సలీమా వేసింది నిర్మాతే, ప్రవీణ పరుచూరి గారు. అమెరికాలో గుండె డాక్టరు. దర్శకుడు వెంకటేశ్ మహాకి అది మొదటి సినిమా. డబ్బు పెట్టిన ఆడమనిషి తనకోసం అందరిలోకీ కష్టమైన పాత్ర తీసుకుంది. తెర వెనక గడిలో దానికేమీ లేదా?

స్వర్ణాల చెరువు గట్టు:
ఉంది, తప్పకుండా ఉంది. తెలుగులో ఆడ నిర్మాత అంటే ఇంకా వేళ్ళ మీద లెక్కే. కానీ అది ఆడవాళ్ళ గడి కదా వదినా, నా గడి కాదు. రెండూ కలిపితేనే గొడవ. ఒక గడిలో వచ్చిన మార్కులు ఇంకో గడి బాకీకి జమ వెయ్యకూడదు.

ఉలవపాడు మాస్టారు:
పిల్లలూ, ఆలస్యంగా వచ్చాను, మామిడి తోటలో నీళ్ళ పని.

మా అమ్మాయి ఒక పరీక్ష గురించి చెప్పింది. ఆలిసన్ బెక్డెల్ అని అమెరికాలో బొమ్మల కథలు వేసే ఆమె, 1985లో తన కథలో ఒక పాత్ర చేత అనిపించిందట. సినిమాలో కనీసం ఇద్దరు ఆడవాళ్ళుండాలి, వాళ్ళిద్దరూ ఒకరితో ఒకరు మాట్లాడుకోవాలి, ఆ మాట మగవాడి గురించి కాకుండా ఇంకేదైనా అయ్యుండాలి. మూడే షరతులు. వినడానికి ఇంత తేలికా అనిపిస్తుంది, మన ప్రేమకథలు పట్టి చూస్తే రెండో షరతు దగ్గరే సగం పోతాయి, తల్లిని, హీరోయిన్ స్నేహితురాలిని కలుపుకున్నా సరే.

కంచరపాలెం సంగతికొస్తే, కథ కట్టుబడే అలాంటిది. ఒకరి కాలంలో ఇంకొకరు లేరు. సునీత, భార్గవి, సలీమా, రాధ ఒకరికొకరు ఎదురుపడే దారే లేదు. నాలుగు గదులు, నాలుగు తలుపులూ ఒకే వసారాలోకి తెరుచుకుంటాయి. ఆ వసారా రాజు.

అయితే ఈ పరీక్ష మీద నాకొక అనుమానం ఉంది. 1992లో దూబగుంట ఆడవాళ్ళు సారా మీద లేచారు, మన జిల్లాల్లో పెద్దవాళ్ళందరికీ తెలుసు. నేనప్పుడు కావలి దగ్గర ఒక ఊళ్ళో రాత్రి బడిలో చదువు చెప్పే వలంటీరుని. అక్షరదీపం వాచకంలో సారా వల్ల కాపురం కూలిన కథ ఒకటి ఉండేది. అది చదివాక పలకలు పక్కన పెట్టేసి ఆడవాళ్ళు గంటలకొద్దీ మాట్లాడుకునేవాళ్ళు. ఏం మాట్లాడుకునేవాళ్ళు? మొగుళ్ళ గురించే! ఎవడెంత తాగాడు, ఎవడేం అమ్మాడు, ఎవడెట్టా కొట్టాడు. పొద్దుగూకులూ మగవాళ్ళ మాటే. ఆ మాటల్లోంచే సారా పాటలు ఆపించారు, 1993లో రాష్ట్రమంతా సారా నిషేధం వచ్చింది. దాన్ని ఉన్నదున్నట్టు సినిమా తీస్తే బెక్డెల్ పరీక్షలో తప్పుతుంది. ఇప్పుడేమంటారు?

ఒంగోలు బస్టాండు:
మాస్టారూ 🙏 ఇది ఫ్రేము కట్టించుకోవాలి. సారా పాటలు అంటే వేలం పాటలని చిన్నపిల్లలకి చెప్పండి, మ్యూజిక్ అనుకుంటారు.

తడ సరిహద్దు:
మా ఇంట్లో సగం అరవం సగం తెలుగు. మా గడి ఎక్కడుంది?

మోడరేటర్:
తడ గారూ, దానికి వేరే థ్రెడ్ పెట్టండి, ముందు ఒకసారి ఈ చర్చ చేపల పులుసులోకి వెళ్ళింది, ఆ పోస్టులు తీసేశాను. సినిమా మీదే ఉండండి.

పులికాట్ పడవ:
రెండు రోజుల నుంచి చదువుతున్నా, రాయాలా వద్దా అని. నేను యానాదిని. డిగ్రీ అయింది, సూళ్ళూరుపేటలో ఒక షాపులో లెక్కలు రాస్తా.

మీరు సినిమాలో ఉన్నవాళ్ళకి మార్కులు వేస్తున్నారు. మాది అసలు కాగితంలోనే గడి లేదు. నెల్లూరు జిల్లాలో మేమెంతమంది ఉన్నామో మీకందరికీ తెలుసు, కాలవ గట్టు మీద, చెరువు కింద, రొయ్యల గుంటల కాపలాకి, ఎక్కడ చూసినా మేమే. శ్రీహరికోటలో రాకెట్ కేంద్రం వచ్చినప్పుడు దీవిలోంచి ఖాళీ చేయించినవాళ్ళలో మావాళ్ళున్నారు. రాకెట్ లేస్తే టీవీలో అందరూ చప్పట్లు కొడతారు, మా అవ్వ మాత్రం అక్కడ ఏ చెట్టు కింద తేనె ఉండేదో చెప్పేది.

యానాది అనగానే డాక్యుమెంటరీ తీస్తారు. ఎలకలు పట్టేది చూపిస్తారు, గుడిసె చూపిస్తారు, వెనకాల వేణువు వేస్తారు. నాకు వాటి మీద కోపం లేదు. కానీ మా వాళ్ళు ప్రేమించుకోరా? మా అక్క మా బావని ఎట్టా కట్టుకుందో తీస్తే మూడు సినిమాలవుతాయి, అందులో రెండు కామెడీ. బాధ ఉంటేనే మమ్మల్ని తెర మీదకి రానిస్తారు, సరసం ఉంటే రానివ్వరు. నేను చూడాలనుకునేది ఇద్దరు యానాది పిల్లలు సూళ్ళూరుపేట బస్టాండులో ఒకే ఐస్‌క్రీం తింటూ పోట్లాడుకోవడం. అంతే. ఎవరూ చావకూడదు.

స్వర్ణాల చెరువు గట్టు:
తమ్ముడూ, ‘ఎవరూ చావకూడదు’ దగ్గర ఆగిపోయాను. నేను నాలుగు పేరాలు రాసి చెప్పలేకపోయింది నువ్వు రెండు మాటల్లో చెప్పావు.

పెన్నా ఒడ్డు:
పడవ బ్రదర్, మా ఎనిమిది మందిలో ఒక్కరికీ ఆ గడి తట్టలేదు. సిగ్గేసింది.

అసలు విషయం ఇప్పుడు చెప్తా, తిట్టుకోవద్దు. మేం ఊరికే చూడ్డం లేదు, నెల్లూరులో ఒక చిన్న ప్రేమకథ తీద్దామని మావాడు స్క్రిప్టు రాస్తున్నాడు, ఆ కాగితం దానికోసమే. అందులో అబ్బాయి హిందూ, అమ్మాయి ముస్లిం, రొట్టెల పండగలో బారా షహీద్ దర్గా దగ్గర కలుస్తారు. స్వర్ణాల చెరువులో దిగి పెళ్ళి రొట్టె మార్చుకుంటారు. అతను ఇచ్చింది ఆమెకి, ఆమె ఇచ్చింది అతనికి. బాగుంది కదా అనుకున్నాం.

గూడూరు నిమ్మకాయ:
ఇదిగో ఇది సినిమా! హిట్టు.

స్వర్ణాల చెరువు గట్టు:
నాకు తెలుసు, నాకు తెలుసు ఇక్కడికే వస్తారని 😂 నా పేరు చూసైనా అడగాల్సింది.

రొట్టెల పండక్కి నేనేం వ్యతిరేకం కాదు. అక్కడ నిజంగానే ఎవరి మతం ఎవరూ అడగరు, చదువు రొట్టె, ఉద్యోగం రొట్టె, పెళ్ళి రొట్టె, పిల్లల రొట్టె, ఎవరికేది కావాలో అడిగి పుచ్చుకుంటారు, కోరిక తీరితే మరుసటి ఏడు వచ్చి అదే రొట్టె ఇంకొకరికి ఇస్తారు. కానీ అన్నా, కెమెరాలు మా వైపు వచ్చేది ఆ మొహర్రం నాలుగైదు రోజులే. పైనుంచి డ్రోన్ తిప్పి ‘మతసామరస్యం’ అని వేసుకుని వెళ్ళిపోతారు. మిగతా సంవత్సరమంతా మేం ఏం చేస్తుంటామో మీ స్క్రిప్టులో ఉందా? ఆ అమ్మాయి ఏం చదువుకుంది, ఏం పని చేస్తుంది, ఇంట్లో ఎవరితో దెబ్బలాడుతుంది? నేనైతే పోయినేడు ఉద్యోగం రొట్టె తీసుకున్నా, పెళ్ళి రొట్టె కాదు. మా అమ్మకి తెలియకుండా తీసుకున్నా. ఆ సీను రాయమనండి మీవాడిని.

కందుకూరు కోడలు:
ఆ సీను నేను డబ్బులిచ్చి చూస్తా.

ఉలవపాడు మాస్టారు:
అమ్మాయి చెప్పింది ఆ కుర్రాడికి చెవినెయ్యి నాయనా. రాయడానికి పక్కన ఎవరిని కూర్చోబెట్టుకుంటున్నాడు అన్నది కూడా అడుగు. తెర మీద ముస్లిం ఉంది సరే, బల్ల దగ్గర ఉందా?

ఒంగోలు బస్టాండు:
రంగు గురించి ఎవరూ మాట్లాడలేదేంటి? ‘కలర్ ఫోటో’ 2020లో వచ్చింది, మచిలీపట్నం కథ, తెలుగులో ఉత్తమ చిత్రంగా జాతీయ అవార్డు కూడా వచ్చింది. నల్లబ్బాయి, తెల్లమ్మాయి. నాకు నచ్చింది. కానీ తిరగేసి నల్లమ్మాయి వెనక తెల్లబ్బాయి పడి తిరిగే తెలుగు ప్రేమకథ నేనింకా చూడలేదు. మా చెల్లెలు అడిగింది ఈ మాట, నాకు జవాబు దొరకలేదు, ఇక్కడ వదిలేస్తున్నా.

గూడూరు నిమ్మకాయ:
సరే, నేను ఒక మెట్టు దిగుతా, ఒక్కటే. హాజరు పట్టీ అన్నాను, అది ఇప్పటికీ అంటాను. కానీ మీరు అడిగేది హాజరు కాదని అర్థమైంది, పిలిస్తే ‘ఉన్నాను సార్’ అన్నాక ఇంకో మాట మాట్లాడనిచ్చారా అని. ఆ లెక్కన రాధకి ఎక్కువ పడాలి, భార్గవికి తక్కువ పడాలి, భార్గవి గతి ఇంట్లోవాళ్ళే తేల్చేశారు. కానీ అది నిజం కాదా? మన ఇళ్ళల్లో అట్టాగే తేలుస్తారు. నిజం చూపిస్తే మార్కులు కోస్తారా? దీనికి మాత్రం మీరెవరూ జవాబు చెప్పలేదు.

కందుకూరు కోడలు:
కొయ్యం అన్నయ్యా. ఇంట్లోవాళ్ళు తేల్చేశాక ఆ అమ్మాయి రాత్రి ఏం చేసిందో కూడా చూపించమంటాం, అంతే.

చీమకుర్తి రాయి:
నేను చీమకుర్తిలో గ్రానైట్ ఫ్యాక్టరీలో సూపర్‌వైజర్‌ని. మీరంతా సలీమా, భార్గవి గురించి మాట్లాడుతున్నారు, ఒడియా ఆమెని టిక్కు పెట్టి వదిలేశారు. మా దగ్గర పాలిష్ లైను మీద, క్వారీలో, బయటి రాష్ట్రాల కుర్రాళ్ళు చాలామంది ఉన్నారు, అందులో ఒడిశావాళ్ళు ఎక్కువ. ఈ ఆదివారం సెలవు, వాళ్ళ రూములో ఈ సినిమా పెట్టి చూపిస్తా. వాళ్ళనే అడుగుదాం.

పెన్నా ఒడ్డు:
అన్నా, తప్పకుండా రాయండి. ఎదురుచూస్తుంటాం.

చీమకుర్తి రాయి:
చూపించాను. తొమ్మిది మంది, ఒక రూము, నా లాప్‌టాప్, మధ్యలో రెండుసార్లు కరెంటు పోయింది. తెలుగు అందరికీ కొంత వస్తుంది, రానిచోట నాలుగేళ్ళ నుంచి ఇక్కడే ఉన్న గంజాం కుర్రాడు చెప్పుకుంటూ పోయాడు.

స్కూలు పిల్లల కథకి నవ్వారు. మలుపు దగ్గర ముగ్గురికి అర్థం కాలేదు, వెనక్కి తిప్పి చూపించా. అసలు సంగతేంటంటే, రాధ ఒడిశా ఆమె అని తెలియగానే ఆ గంజాం కుర్రాడు ఆపమన్నాడు. ఎందుకురా అంటే, మళ్ళీ చెప్పు సార్, ఆమె ఆఫీసరా, అతను అటెండరా అన్నాడు. అవునన్నా. తెలుగాయనే అటెండరా? అవునురా. వెంటనే వాళ్ళమ్మకి ఫోను చేశాడు. వాళ్ళ భాషలో గడగడా చెప్పాడు, నాకు ‘ఆఫీసరు’, ‘అటెండరు’, ‘తెలుగు’ మూడే అర్థమయ్యాయి. అవతల ఆమె నవ్వడం స్పీకర్లో అందరికీ వినపడింది. నాలుగేళ్ళలో వాడు ఇక్కడ ఎవరి చేతా ‘గారు’ అనిపించుకున్నది లేదు, నేను కూడా అనలేదు, అది ఆ రాత్రే గమనించా.

స్వర్ణాల చెరువు గట్టు:
అన్నా, చదువుతుంటే ఒళ్ళు జలదరించింది. మరి సలీమా దగ్గర వాళ్ళేమన్నారు?

చీమకుర్తి రాయి:
అక్కడ ఎవరూ ఏమీ అనలేదమ్మా. తొమ్మిది మందిలో ఇద్దరు ముస్లిం కుర్రాళ్ళు. ఒకడు లేచి నీళ్ళు తాగొస్తానని బయటికి పోయాడు, ఆ కథ అయిపోయేదాకా లోపలికి రాలేదు.